పైన పెట్టిన గుడ్డు

“గుడ్డు పెంకుని చూసి అందరూ గోడ అనుకుంటారండీ. గోడ కాదు, జల్లెడ. కంటికి ఆనని చిల్లులు దాన్నిండా. పైన ఏది పూస్తే అది మెల్లిగా లోపలికి దిగుతుంది. ఈ సంగతి తెలియనిదాన్నయితే నాకింత భయం ఉండేది కాదు. తెలుసు కాబట్టే మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు గొంతు దిగడం లేదు.”

ఎదురింటాయన ముక్కాలిపీట మీద కాస్త ముందుకు జరిగాడు. సాయంత్రం పని నుంచి వచ్చి, మొహం కడుక్కుని, అద్దకాలమ్మ వంటింటి గుమ్మం పక్కన కాసేపు కూర్చుని వెళ్లడం ఆయనకు చాలాకాలంగా అలవాటు. ఆమె మాట్లాడుతుంది, ఆయన వింటాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతుల్లో ఏదో ఒక పని ఆడుతూనే ఉంటుంది. ఈవేళ ఆ చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పొయ్యి పక్కన గిన్నెల్లో రంగునీళ్లు చల్లారి, మీద మీగడలా పొర కట్టాయి. ఎవరూ పారబోయలేదు.

“మీ ఆడపడుచుగారేరీ?” అన్నాడాయన.

“లోపల గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. పలకరించకండి. పలకరిస్తే మళ్లీ మొదలెడుతుంది ఏడుపు.”

అద్దకాలమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. వయసులో ఉన్నప్పుడు నూలు అద్దే కర్మాగారంలో పనిచేసింది. మరిగే తొట్టిలో చిలపలుగా కట్టిన నూలు ముంచడం, కర్రతో తిప్పడం, పిండి ఆరేయడం. ఏ రోజు రంగు ఆ రోజు మోచేతుల దాకా అంటుకుని ఇంటికొచ్చేది. “ఈ పూట కూర నీలమా, ఆకుపచ్చా?” అని ఏడిపించేవాడు మొగుడు. ఆయనకు మాత్రం రంగు అంటదా ఏమిటి? ఆయన బోర్డులు రాసేవాడు. కొట్ల తలుపుల మీద, బస్సుల వెనకాల, మందుల షాపుల అద్దాల మీద. అక్షరం అంచు కత్తితో కోసినట్టుండాలని కుంచె మొనని పెదవుల మధ్య పెట్టి, ఒక్క తిప్పు తిప్పి సన్నం చేసుకునేవాడు. ఆ రంగని లేదు, ఈ రంగని లేదు, అన్నీ ఆ నోటివెంటే. చివరి రోజుల్లో చెయ్యి వణికేది, కడుపు మెలిపెట్టేది. అప్పుడు చూసిన డాక్టరు అడిగిన మొట్టమొదటి మాట, “ఏ రంగులు వాడేవారు?” అని. ఎందుకడిగాడో ఆమెకి ఆ క్షణంలో తోచలేదు. తోచిన తరవాత ఇక రంగు డబ్బా మూత తీసిన వాసన వస్తే చాలు, ఒళ్లు జలదరించేది.

ఆయన పోయాక మిగిలిన డబ్బాలు ఏం చెయ్యాలన్నది పెద్ద సమస్య అయి కూర్చుంది. కాలవలో పోద్దామంటే ఆ నీళ్లు ఎక్కడికో పారతాయి, ఎవరో తాగుతారు. చెత్తలో వేద్దామంటే చెత్త ఏరుకునేవాళ్లు మూతలు తీస్తారు. పెరట్లో పాతిపెడదామంటే అక్కడ రేపు ఏ ఆకుకూరో మొలుస్తుంది. ఎటు ఆలోచించినా చివర ఎవరిదో ఒక నోరు కనపడింది. దాంతో అన్నిటినీ పాత దుప్పట్లో మూటకట్టి అటక మీదికి తోసింది. తన కప్పు కింద, తన కాపలాలో ఉంటే ఎవరికీ ఏమీ కాదనుకుంది.

“అదేనండీ నేను చేసిన తెలివైన పని,” అంది అద్దకాలమ్మ. “ఊరికి తగలకూడదని పాముని తెచ్చి పక్కలో పడుకోబెట్టుకున్నాను.”

వీధి చివర పసిపిల్లల బడి ఉంది. పనుల్లోకి వెళ్లే తల్లులు పొద్దున దింపి, సాయంత్రం తీసుకెళ్లే చోటు. అక్కడి టీచరమ్మ ఈసారి ఈస్టరుకి రంగుల గుడ్లు కావాలని అడిగింది. చెక్కవీ ప్లాస్టిక్‌వీ కాదు, నిజమైన గుడ్లు, ఉడికించినవి. పెరట్లో అక్కడక్కడా దాచిపెడితే పిల్లలు వెతుక్కుని, ఒలుచుకుని తింటారట. ఆ ‘తింటారట’ దగ్గరే అద్దకాలమ్మకి మొదటిసారి గుండె జారింది. వద్దందామనుకుంది. కానీ తను వద్దంటే టీచరమ్మ ఇంకెవరినో అడుగుతుంది, వాళ్లు ఏ రంగు పడితే ఆ రంగు పులిమి ఇస్తారు. ఆ భయం ఈ భయాన్ని నెట్టేసింది. సరేనంది.

రంగుల కొట్టుకి వెళ్లింది. కొట్టాయన బుల్లిబుల్లి సీసాలున్న పెట్టె ఒకటి బల్లమీద పెట్టి, దాని మీద నవ్వుతున్న కుందేలు బొమ్మ చూపించాడు.

“విషం లేదమ్మా, ఇదిగో, రాసి ఉంది. పిల్లలు తాగినా ఏం కాదు.”

“అయితే మీరొక చెంచాడు తాగండి, చూస్తాను.”

“నాకు షుగరమ్మా.”

“ఇందులో చక్కెర కూడా కలిపారా?”

కొట్టాయన పకపకా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వకుండా పెట్టె తిప్పి, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ అడుగున ఉన్న చీమతలకాయలంత అక్షరాలు చదివింది. కాగితం మీద, అట్ట మీద వాడుకోవడానికట. తినే వస్తువుకి తగలనివ్వకూడదట. కుందేలు మాత్రం నవ్వుతూనే ఉంది. అయినా ఊరుకోకుండా ఒక ఆకుపచ్చ సీసా తెచ్చి, ఒక గుడ్డుకి పూసి, ఆరనిచ్చి, మర్నాడు ఒలిచి చూసింది. తెల్లసొన మీద పచ్చటి నరాలు, చేతి మీద తేలినట్టు.

ఇక పైపై రంగులే వద్దనుకుంది. తినే వస్తువుకి తినే రంగే వెయ్యాలి. ఉల్లిపొట్టు ఉడికిస్తే ఇటుక రంగు. ఊదా క్యాబేజీ తరిగి మరిగించి వెనిగర్ పోస్తే, చూడ్డానికి గులాబీలా ఉన్న నీళ్లలోంచి గుడ్డు నీలంగా లేస్తుంది. పసుపుకి పసుపే. బీట్‌రూటు మాత్రం మాటమీద నిలబడే రకం కాదు, తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకొకటి. వారం రోజులు ఆ ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా రంగే. నియమాలు కూడా ఆమెవే. గుడ్డుని ముందు వెనిగర్ నీళ్లతో కడగాలి. కడిగాక వేళ్లతో తడమకూడదు, జిడ్డు తగిలితే అక్కడ రంగు ఎక్కదు, మచ్చ పడుతుంది. కర్మాగారంలో నూలుకి నూనె చుక్క తగిలితే మేస్త్రీ తిట్టే తిట్లు ఆమెకి ఇంకా కంఠతా వచ్చు.

“మా వదిన నిప్పులు కడిగే మనిషి,” అనేది ఆడపడుచు, గరిటెతో గుడ్లు తిప్పుతూ. “వదినా, వీటిని పెట్టిన కోడిని కూడా ఒకసారి వెనిగర్‌లో ముంచి తీస్తే పోలా? ఏకంగా శుభ్రమైన గుడ్లే పెడుతుంది.”

“నోరు మూసుకుని తిప్పమ్మాయ్.”

ఆ అమ్మాయికి తల సగం నెరిసింది. అయినా వదిన నోట ఇప్పటికీ అమ్మాయే. వదిన పెళ్లయి వచ్చిన నాడు ఆమె జడ పట్టుకుని వేలాడిన పిల్ల, తన మొగుడు పోయాక మళ్లీ ఈ ఇంటికే వచ్చింది. ఇద్దరూ పోట్లాడుకోని పూట ఉండదు, ఒకళ్లని వదిలి ఒకళ్లు అన్నం తిన్న పూటా ఉండదు. ఆడపడుచుకి మెరుపంటే ప్రాణం. గాజుముక్క మెరిసినా ఆగి చూస్తుంది. “అన్నీ మట్టి రంగులే వదినా, ఒక్కటైనా తళతళలాడద్దూ?” అని రెండు మూడుసార్లు అంది. వదిన వినిపించుకోలేదు.

నిన్న మధ్యాహ్నం వదిన ఉల్లిపొట్టు అడగడానికి కూరల దుకాణానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆడపడుచు పొయ్యి దగ్గరే ఉంది, బుద్ధిగా గుడ్లు తిప్పుతూ. మామూలుకంటే కాస్త ఎక్కువ బుద్ధిగా.

ఈ ఉదయం గుడ్లని గంపలో సర్దుతుంటే అద్దకాలమ్మ చేతికి ఒకటి తగిలింది. మిగతావన్నీ ఒకే తీరున ఇటుక రంగులో ఉంటే, దీని మీద లేత రంగు తీగలు, చుట్టలు, మబ్బులు. పాలరాయి చెక్కినట్టుంది. వెలుతురుకేసి తిప్పి తిప్పి చూసింది.

“ఇదెలా వచ్చిందే? ఎంత బాగుందో చూడు!”

ఆడపడుచు తల వంచుకుని గిన్నె తోముతోంది. “ఏమో వదినా. ఒక్కోటి అలా వస్తుందేమో.”

జిడ్డు తగిలితే మచ్చ పడుతుందని జీవితమంతా చెప్పిన మనిషి, ఆ క్షణంలో ఆ మాటే మర్చిపోయింది. అందం అంత పని చేస్తుంది. తీసుకెళ్లి గంపలో అన్నిటికంటే పైన, పిల్లల కంట మొదట పడేలా పెట్టింది. టీచరమ్మ వచ్చి గంప తీసుకెళ్లింది. “ఈ పైనున్నది బహుమతికి ఉంచుతానండీ,” అని నవ్వుతూ వెళ్లింది.

మధ్యాహ్నం దాటాక ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నారు. అంట్లు తోమేశాక ఆడపడుచు చేతులు శుభ్రంగా తెల్లబడ్డాయి. గ్లాసు పట్టుకున్న బొటనవేలి గోరు కింద మాత్రం సన్నగా, వెంట్రుకంత ఏదో మెరిసింది.

“ఏమిటమ్మాయ్ అది?”

ఆడపడుచు చెయ్యి చటుక్కున కొంగులోకి లాక్కుంది. అంతే, అద్దకాలమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మెరుపు ఆమెకి తెలుసు. నగల కొట్ల అద్దాల మీద ఆయన రాసిన బంగారు అక్షరాల మెరుపది.

“అటకెక్కావా?”

“ఒక్కటే వదినా... ఒక్క గుడ్డుకి. అన్నయ్య బంగారం రంగు ఒక్కసారి వెలుతుర్లో చూడాలనిపించింది. అడుగున గట్టిపడిపోయింది, కిరసనాయిలు వేసి కలిపాను. బాగా రాలేదు. ఉండలు ఉండలుగా వచ్చింది. నువ్వొస్తే తిడతావని...”

“తిడతానని?”

“గుడ్డతో తుడిచేశా. మొత్తం పోయింది వదినా, ఒట్టు! తుడిచేసి ఉల్లిపొట్టు గిన్నెలో వేసేశా.”

అద్దకాలమ్మ తిట్టడానికి కూడా ఆగలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిన పడింది.

ఆ వీధి ఎంత పొడుగో ఆమెకి ఈవేళే తెలిసింది. ఇస్త్రీ బల్ల దాటింది, సైకిళ్ల షాపు దాటింది, సందు మలుపు దగ్గర నీళ్ల టాంకరు అడ్డంగా ఉంటే గోడకి ఒళ్లు రాసుకుంటూ దూరింది. పలకరించినవాళ్లకి బదులు చెప్పలేదు. కళ్లముందు తెల్లసొన, దాని మీద పచ్చటి నరాలు. ఆ వెనకాలే కుంచె మొనని పెదవుల మధ్య పెట్టి తిప్పుతున్న ఆయన మొహం.

బడి పెరట్లో పిల్లల అరుపులు, కేకలు. ఎక్కడ చూసినా రంగు పెంకులు. గుడ్డు తింటున్న ప్రతి నోటికేసీ ఒక్కొక్కసారి చూసింది.

“పైన పెట్టింది... ఆ మచ్చల గుడ్డు ఏదీ?” అంది ఆయాసంతో.

“అదా! వసపిట్టకి ఇచ్చానండీ. అన్నిటికంటే ఎక్కువ గుడ్లు కనిపెట్టింది. ఇప్పుడే వాళ్ల తాతయ్య వచ్చి తీసుకెళ్లాడు.” టీచరమ్మ నవ్వు సగంలోనే ఆగింది. “ఏమైందండీ? మీ మొహం అలా ఉందేంటి?”

వసపిట్ట టైలరు మనవరాలు. నాలుగేళ్లు కూడా నిండలేదు, నోరు మాత్రం నిద్రలో కూడా ఊరుకోదు. తాత కుట్టుమిషను కింద కూర్చుని గుడ్డపీలికలతో, దారపు కండెలతో, పెడలు తొక్కే తాత కాలితో కూడా కబుర్లు చెబుతుంది. వచ్చిన ప్రతి మనిషినీ “మీకు కొలతలు తియ్యాలా? బొజ్జ లోపలికి పెట్టకండి, తాతకి కోపం!” అంటుంది. టైలరు దుకాణానికి దారి అడిగితే, ఆ గొంతు ఎటు వినపడితే అటు పొమ్మంటారు.

అద్దకాలమ్మ వెళ్లేసరికి దుకాణం నిశ్శబ్దంగా ఉంది. మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

“పిల్లేదీ?”

టైలరు కళ్లజోడు మీంచి చూసి, గడ్డంతో కిందికి చూపించాడు. మిషను కింద వసపిట్ట కూర్చుని ఉంది. ఒళ్లో పాలరాతి పెంకులు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

“ఉమ్మెయ్ తల్లీ! ఉమ్మెయ్!”

అద్దకాలమ్మ మోకాళ్ల మీద పడి చెయ్యి చాచింది. ఆమె కళ్లు చూసి పిల్ల బెదిరిపోయింది. బెదిరి ఏం చేసిందంటే, నోట్లో ఉన్నదంతా గుటుక్కున మింగేసింది.

“అది చూశానండీ నేను,” అంది అద్దకాలమ్మ ఎదురింటాయనతో. “నేను నెమ్మదిగా అడిగి ఉంటే ఉమ్మేదేమో. నా అరుపుకే మింగింది. ఆ గొంతు కదలడం నా కళ్లారా చూశాను.”

సంగతి విన్న టైలరు ఒక్క మాట తిట్టలేదు. మిషను ఆపి, పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచాడు. అతని వెనకాలే ఆమె పెంకు ముక్కలు కొంగున కట్టుకుని వెళ్లింది. ఈలోగా వీధిలో కబురు విని ఆడపడుచు ఆ బంగారం రంగు డబ్బా పట్టుకుని ఆసుపత్రి దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. ఏడుస్తూనే వచ్చింది కానీ, తేవలసింది తెచ్చింది. డబ్బా మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది. లోపల ఏముందో చెప్పగలిగిన మనిషీ లేడు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. డబ్బా తిప్పి చూసి అడిగింది: “ఏ రంగులు వాడేవారు ఆయన?”

అదే ప్రశ్న. పసుపు రంగులో బంగారు రంగు పొడి కలిపేవాడని అద్దకాలమ్మ తెలిసినంత చెప్పింది. పాత పసుపు రంగుల్లో సీసం ఉండేదనీ, ఒక్క గుడ్డే కాబట్టి, అదీ తుడిచేసింది కాబట్టి, లోపలికి దిగింది చాలా కొంచెమే అయి ఉండచ్చనీ అంది డాక్టరమ్మ. “ఉండచ్చు. కానీ ఉత్తి మాటమీద వదిలెయ్యలేం కదా.” రక్తం తీశారు. ఫలితం రేపు వస్తుంది. కిరసనాయిలు కూడా తగిలింది కాబట్టి దగ్గు, ఆయాసం వచ్చినా, వాంతులైనా, కడుపునొప్పన్నా, పిల్ల మరీ మగతగా, మాటా పలుకూ లేకుండా పడి ఉన్నా వెంటనే తీసుకురమ్మన్నారు.

సూది గుచ్చినప్పుడు వసపిట్ట ఏడ్చింది. కానీ ఏమీ మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా తాత భుజం మీద తలపెట్టుకునే ఉంది. బెదురో, నిద్రో, ఇంకేదో, ఎవరు చెప్పగలరు? పిల్ల తల్లి కబురందగానే పని వదిలి పరిగెత్తుకొచ్చింది. దుకాణం వెనక ఉన్న ఇంట్లోకి పిల్లని తీసుకుని, అద్దకాలమ్మ వైపు ఒక్కసారి చూసి, తలుపు వేసేసింది. గట్టిగా కూడా వెయ్యలేదు. మెల్లిగా వేసింది.

“గట్టిగా వేస్తే బాగుండేదండీ,” అంది అద్దకాలమ్మ. “ఇంటికొచ్చి నాలుగు దులిపి వెళ్లినా బాగుండేది.”

లోపలి గదిలోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “వదినా, నేను వెళ్లి కాళ్లు పట్టుకోనా?”

“నువ్వు పడుకోమ్మాయ్. నీ ఏడుపు విని ఆ పిల్ల మళ్లీ బెదురుతుంది.” తరవాత గొంతు తగ్గించి, “దాన్ని అనలేనండీ. అన్నయ్య రంగు వెలుతుర్లో చూడాలనుకుంది. నాకు మాత్రం ఆ డబ్బాల మీద ఆశ లేదనుకున్నారా? పారెయ్యడానికి చోటు దొరకలేదని అందరికీ చెప్పుకున్నాను. మూటకట్టేటప్పుడు ఒక్కో మూతా తుడిచి మరీ కట్టాను. పారేసేవాళ్లు మూతలు తుడుస్తారా?”

బయట వీధి దీపం వెలిగింది. ఎదురింటాయన లేవబోతే అద్దకాలమ్మ గభాల్న చెయ్యి చాచి ఆపింది. ఆమె చూపు ఆయన చొక్కా మీద నిలిచింది.

“ఆ రెండో గుండీ ఏమైంది?”

“ఎప్పుడో ఊడింది. కుట్టించుకోవాలి.”

“ఇప్పుడే కుట్టించుకోండి. టైలరు దుకాణం ఇంకా తీసే ఉంటుంది. నేను ఆ గుమ్మం తొక్కలేను, నా మొహం చూస్తే ఆ తల్లికి ఒళ్లు మండుతుంది. మీరు గుండీ కోసం వచ్చినట్టే వెళ్లండి. గుడ్డు ఊసెత్తకండి, పిల్లెలా ఉందని కూడా అడగకండి. ఉత్తినే నిలబడి వినండి, మీకు వినడం అలవాటేగా. వెనకింట్లోంచి గానీ, మిషను కిందనుంచి గానీ, వసపిట్ట గొంతు వినపడుతుందేమో... బొజ్జ లోపలికి పెట్టద్దంటుందేమో. వినపడితే సందు మలుపు దగ్గర దీపం కింద ఆగి చెయ్యి ఊపండి. నేను ఈ కిటికీ దగ్గరే నిలబడి ఉంటాను. వినపడకపోతే మాత్రం చెయ్యి ఊపద్దు, అక్కణ్ణుంచే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తండి, నాకోసం ఆగకండి. లేవండి బాబూ, లేవండి. కొట్టు కట్టేస్తాడు.”